సభ పెట్టకు బిడ్డా, బతుకమ్మ పేర్చు

ప్రశ్న:

మేడమ్‌కు నమస్కారం. నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లోని ఒక కంపెనీలో క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే సర్వర్లు) ఇంజినీర్‌గా చేస్తున్నాను. నాన్న ఆరోగ్యం బాగాలేక రెండేళ్ల కింద హనుమకొండకు వచ్చేసి ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఇక్కడ నా పని గురించి మాట్లాడుకోవడానికి ఒక్కరూ లేరనిపించి, ఇద్దరు స్నేహితులతో కలిసి నెలకోసారి క్లౌడ్ మీటప్ మొదలుపెట్టాను. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు హాలు ఇచ్చారు. మొదటి నెల 45 మంది వచ్చారు, ఐదో నెలకు ఆరుగురే మిగిలారు. మధ్యలో కొందరు అబ్బాయిలు "ఈ లెక్చర్లు ఎవరు వింటారు, లక్నవరం పోదాం" అని గ్రూపులో పెట్టి, తొమ్మిది మంది బైకుల మీద వెళ్లొచ్చారు. అమ్మాయిలను ఎవరూ అడగనే లేదు. బాగా నేర్చుకుంటున్న ఒక డిగ్రీ అబ్బాయి, మీటప్‌లో మేం చూపించింది ఇంట్లో చేసి చూసి, క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) ఆపడం మర్చిపోయాడు. ఆరు వేల బిల్లు వచ్చింది. అప్పటి నుంచి రావడం లేదు, ఫోన్ ఎత్తడం లేదు. హాలు వాళ్లేమో ఇకనుంచి ప్రతిసారీ అరగంట తమ కోర్సుల గురించి చెప్పుకుంటామంటున్నారు. "నీ ఉద్యోగం నువ్వు చేసుకోక ఊరందరి బరువు నీకెందుకు" అని అమ్మ. ఆపేయమంటారా? నడిపిస్తే చదువు కోసం నడపాలా, షికార్ల కోసమా? నేను మీ కూతురి వయసుదాన్ని, నువ్వు అనే రాయండి.

ఒక సోదరి, హనుమకొండ

జవాబు:

బిడ్డా, ఆపొద్దు. ముందు ఈ మాట చెప్పేస్తే నీకు సగం టెన్షన్ తగ్గుతుంది. మార్చాల్సినవి మాత్రం ఉన్నాయి, వాటి గురించే రాస్తాను.

నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర చాలాసేపు ఆగాను. "మాట్లాడుకోవడానికి ఒక్కరూ లేరు" అన్నావు. నీకు కావలసింది మాట్లాడుకునే మనుషులు. నువ్వు పెట్టిందేమో సభ. కుర్చీలు వరసగా వేసి ఉంటారు. ముందు స్క్రీన్ ఉంటుంది. ఒకరు గంటన్నర మాట్లాడతారు, 44 మంది వింటారు. చివర్లో "ఎనీ డౌట్స్" అంటే ఒక్క చెయ్యి లేవదు. టీ తాగి ఎవరి దారిన వాళ్లు పోతారు. ముప్పై ఏళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పినదాన్ని, ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. అర్థమైపోయి ఊరుకున్నారని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. నలుగురిలో తెలియదని చెప్పుకోవడానికి సిగ్గుపడి ఊరుకుంటారని తర్వాత తెలిసింది. వినడానికే అయితే వాళ్లకు యూట్యూబ్ ఉంది, పరకాల నుంచి బస్సెక్కి నీ దగ్గరికి రానక్కర్లేదు.

సభ అంటే మనకు బాగా అలవాటు. వేదిక, ముఖ్య అతిథి, శాలువా, మెమెంటో, ఫోటో. అయితే మనుషులు కలిసే ఇంకో పద్ధతి ఈ ఊళ్లోనే ఉంది, నువ్వు పరికిణీ కట్టిన నాటి నుంచి అందులో తిరిగినదానివే. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడి దగ్గర, ముగిసే సద్దుల రోజు పద్మాక్షి గుట్ట కింద ఒకసారి గుర్తు చేసుకో. అక్కడ చూసేవాళ్లకు కుర్చీలు వేయరు. ఎవరి బతుకమ్మను వాళ్లు పేర్చుకుని వస్తారు. ఒకరిది నడుమెత్తు, ఇంకొకరిది తాంబాళంలో జానెడు. తంగేడు, గునుగు దొరికినవాళ్లు వాటితో, దొరకనివాళ్లు బంతిపూలతో. పెద్దదీ చిన్నదీ అన్నీ మధ్యలో పక్కపక్కనే పెడతారు. పాట రానివాళ్ల సంగతేమిటి? ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు "ఉయ్యాలో" అంటారు. ఆ ఒక్క మాట అందుకుంటే చాలు, వలయంలో చోటు దొరుకుతుంది. వేరే జిల్లా నుంచి వచ్చిన కొత్తకోడలు కూడా రెండో చరణానికల్లా చప్పట్లు కలిపేస్తుంది. చివర్లో సత్తుపిండి, మలీద ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు. తొమ్మిది రోజులు ఎవరూ ఎవరినీ "తప్పకుండా రండి" అని బతిమాలరు, అయినా వస్తారు.

నీ మీటప్‌లో ఆ "ఉయ్యాలో" ఏది? మొదటిసారి వచ్చిన డిగ్రీ రెండో ఏడాది పిల్ల భయపడకుండా అందుకోగలిగే మాట ఏది? ఇప్పటిదాకా లేదు. అందుకే 45 ఆరైంది.

వచ్చే నెల నుంచి ఇలా చేసి చూడు. స్పీకర్ వద్దు, టాపిక్ వద్దు. వచ్చే ప్రతి ఒక్కరూ ఆ నెలలో తమకు తగిలిన ఒక ఎర్రర్ తెచ్చుకోవాలి. అంతే షరతు. స్క్రీన్‌షాట్ అయినా చాలు, నోట్‌బుక్‌లో రాసుకొచ్చినా చాలు. ఒకరు "యాక్సెస్ డినైడ్" తెస్తారు, పర్మిషన్లు ఎక్కడ ఇవ్వాలో తెలియక. ఒకరు సర్వర్ నడుస్తున్నా పేజీ తెరుచుకోవడం లేదంటారు, చూస్తే సెక్యూరిటీ గ్రూపులో (సర్వర్‌లోకి ఎవరిని రానివ్వాలో చెప్పే నియమాలు) పోర్టే, అంటే లోపలికి వచ్చే దారే, తెరిచి ఉండదు. ఒకరికి ఇంకా అకౌంటే లేదు, అకౌంట్ తెరిచేటప్పుడు కార్డు ఎందుకు అడుగుతారో అర్థం కాక ఆగిపోయారు. అది కూడా తేవచ్చు. ఒక్కోదానికి పదిహేను నిమిషాలు, కుర్చీలు గుండ్రంగా, మధ్యలో రెండు ల్యాప్‌టాప్‌లు. మొదట నీ ఎర్రర్ పెట్టు. జీతం తీసుకునే ఇంజినీర్‌కు కూడా ఇలాంటివి వస్తాయని వాళ్లు కళ్లారా చూడాలి. నీ ఆఫీసు వివరాలు బయటపడకుండా చూసుకో, అది వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

వచ్చినవాళ్లందరికీ పని ఉండాలి. ఒకరు ఎక్స్‌టెన్షన్ బాక్స్ తేవాలి. ఒకరు టైమ్ చూడాలి. ఒకరు ఏ ఎర్రర్ ఎలా పోయిందో నోట్‌బుక్‌లో రాయాలి, వచ్చే నెల మొదటి పది నిమిషాలు అది చదవాలి. ఒకరు గేటు దగ్గర నిలబడి కొత్తవాళ్లను లోపలికి పిలుచుకుని రావాలి, ఎందుకంటే గేటు దాకా వచ్చి, లోపల అంతా పెద్దవాళ్లున్నారని వెనక్కి తిరిగిపోయే పిల్లలు ఉంటారు. పనులు నెలనెలా మారాలి. టీ చెప్పడం, గ్లాసులు అందించడం ప్రతిసారీ అమ్మాయిల మీద పడుతుంది, అది పడనివ్వకు. ఈ విషయంలో మొహమాటం వద్దు, మొదటి నెలలోనే ఒక అబ్బాయికి ఆ పని అప్పజెప్పు.

మాట్లాడేది తెలుగులో మాట్లాడండి. ఇన్‌స్టాన్స్, బకెట్, రీజియన్ ఎలాగూ ఇంగ్లిషే, వాటిని అలాగే ఉంచండి. వాటి చుట్టూ ఉండే మాటలు మనవి కావాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు క్లౌడ్ కష్టమై మానేస్తున్నారో, దాన్ని చెప్పే ఇంగ్లిష్ కష్టమై మానేస్తున్నారో ఒకసారి కనుక్కో.

నా క్లాసులో జరిగింది చెబుతాను. ఒక సర్వర్ పడిపోతే మిగతావి కూడా వరసగా ఎందుకు పడిపోతాయో రెండు రోజులు చెప్పాను. బోర్డంతా బొమ్మలు. ఎవరికీ ఎక్కలేదు. మూడో రోజు నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక రైతు కొడుకు లేచి, "మేడమ్, గొలుసుకట్టు చెరువుల లెక్కనే కదా" అన్నాడు. వాడే వచ్చి బోర్డు మీద మూడు చెరువులు గీశాడు. పై చెరువు నిండితే మత్తడి దుంకి నీళ్లు కింది చెరువుకు పోతాయి, అది నిండితే దాని కిందిదానికి. పొలానికి ఎంత కావాలో అంతే వదలడానికి తూము. అన్నీ సక్రమంగా ఉన్నంతకాలం ఒకదాని భారం ఇంకొకటి మోస్తుంది. పై చెరువు కట్ట తెగిందనుకో, ఆ నీళ్లన్నీ ఒక్కసారే కిందిదాని మీద పడతాయి, మత్తడి తట్టుకోదు, దాని కట్టా తెగుతుంది. "సర్వర్లూ ఇంతే, ఒకటి కూలితే దాని లోడంతా పక్కదాని మీద ఒక్కసారే పడుతుంది" అని చాక్‌పీస్ నా చేతిలో పెట్టి వెళ్లి కూర్చున్నాడు. తూమును రేట్ లిమిట్‌తో (సర్వర్ మీదికి ఒక్కసారికి ఇంత పనే వదలాలనే హద్దు) పోల్చడం నాకు ఆ రోజు దాకా తట్టలేదు. కాకతీయుల చెరువుల మధ్య పుట్టిన పిల్లలు మనవాళ్లు. వాళ్లకు తెలిసినదాన్ని వాళ్ల నోటితో చెప్పనిస్తే చాలు.

చేతికి పని దొరికే ఇంకో సంగతి. 2022 నవంబరులో అమెజాన్ వాళ్ల క్లౌడ్‌కు హైదరాబాద్ రీజియన్ (సర్వర్లు ఉండే ప్రాంతం) వచ్చింది, మూడు అవైలబిలిటీ జోన్లతో, అంటే విడివిడి డేటా సెంటర్ల గుంపులతో. ముంబై రీజియన్ 2016 నుంచే ఉంది. క్లౌడ్ అంటే ఎక్కడో అమెరికాలో ఉంటుందనుకునే పిల్లలకు, మనం కాజీపేటలో రైలెక్కి వెళ్లే ఊళ్లోనే ఉందని చెబితే ముఖాలు వెలిగిపోతాయి. ఒకే చిన్న పేజీని రెండు చోట్లా పెట్టి, హనుమకొండలో మీరు కూర్చున్న గదిలోంచి దేనికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో ఎవరి ఫోన్‌లో వాళ్లు చూడండి. ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో అంకె వస్తుంది. ఎందుకు వచ్చిందో తేల్చుకోవడంలోనే ఒక సాయంత్రం గడిచిపోతుంది. హైదరాబాద్ రీజియన్ అకౌంట్‌లో మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ముందు ఆన్ చేసుకోవాలి, అది చెప్పి పంపు.

ఇక ఆ అబ్బాయి. ఉత్తరమంతటిలో నాకు గుండె పట్టేసింది ఇక్కడే. డిగ్రీ చదివే పిల్లవాడికి ఆరు వేలంటే చిన్న మాట కాదు. ఏం జరిగిందో నేను ఊహించగలను. కుబర్నెటిస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే క్లస్టర్‌కు కంట్రోల్ ప్లేన్ అని, అంతటినీ నడిపించే భాగం ఒకటి ఉంటుంది, అమెజాన్‌లో దానికి గంటకు పది సెంట్లు. వినడానికి ఏముంది, పది సెంట్లే. నెలకు 720 గంటలు, అంటే 72 డాలర్లు. దాని మీద మనం ఒక్క పనీ చేయకపోయినా ఆ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. వీధి కుళాయి కట్టేయకుండా ఊరికి పోయినట్టు.

ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్లు. ఒక్కదానివే వెళ్లకు, అతని క్లాస్‌మేట్‌ను వెంట తీసుకెళ్లు. ఇంట్లోవాళ్ల ముందు బిల్లు మాట ఎత్తొద్దు, వాళ్లకు తెలుసో తెలియదో. బయట టీ కొట్టు దగ్గరికి తీసుకొచ్చి, "ఆన్ చేయడం చూపించాను, ఆఫ్ చేయడం చూపించలేదు, తప్పు నాది" అను. నిజంగానే నీది. ప్రాక్టీస్ చూపించే ఎవరైనా మొదటి పది నిమిషాలు ఖర్చు ఇంత దాటితే చెప్పే బడ్జెట్ అలర్ట్ పెట్టించాలి, చివరి పది నిమిషాలు అందరిచేతా అన్నీ తీయించాలి, ఆ తర్వాతే టీ. అలర్ట్ వస్తే క్లస్టర్ దానంతటదే ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అలర్ట్ మెయిల్ మాత్రమే పంపుతుంది, ఆపాల్సింది మనమే. ఇది కూడా చెప్పాలి.

తర్వాత అతనితో కూర్చుని, ఒక్కో రీజియన్ తెరిచి, ఇంకేమైనా మిగిలిపోయాయేమో చూడు. క్లస్టర్ తీసేసినా లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే పనిని సర్వర్లకు పంచేది), డిస్కులు, నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లను ఇంటర్నెట్‌కు కలిపేది) ఉండిపోవచ్చు, అవీ బిల్లు వేస్తాయి. అంతా శుభ్రం చేశాక బిల్లింగ్ సపోర్ట్‌కు ఉన్నదున్నట్టు రాయించు: డిగ్రీ చదువుతున్నాను, నేర్చుకుంటూ మర్చిపోయాను, ఇప్పుడు అన్నీ తీసేశాను, అలర్ట్ పెట్టుకున్నాను అని. మొదటిసారి పొరపాటైతే మాఫీ చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. చేసి తీరాలని లేదు కాబట్టి అతనికి మాట ఇవ్వకు. మాఫీ కాకపోతే నువ్వూ నీ ఇద్దరు స్నేహితులూ తలా కొంత వేసుకోండి, గ్రూపులో చందా అని పెట్టొద్దు. అభిమానం ఉన్న పిల్లవాడు, అందుకే కదా ముఖం చాటేశాడు.

హాలు వదిలెయ్. ఆ కోచింగ్ సెంటర్ వాళ్లు అడగడంలో తప్పులేదు, కరెంటు వాళ్లది, ఏసీ వాళ్లది. వాళ్లకు థాంక్స్ చెప్పి బయటికి రా. ఆరుగురికి హాలు ఎందుకు? అరగంట ప్రచారం వినాల్సి వస్తుందని తెలిస్తే ఆ ఆరుగురూ ఉండరు. కాలేజీ క్లాస్‌రూమ్ ఒకటి రెండో శనివారం మధ్యాహ్నం అడిగితే ఇచ్చే ప్రిన్సిపాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. ఎవరి ఇంటి పైగదైనా చాలు. నేనైతే మూడే చూస్తాను: బస్టాండ్ నుంచి నడిచి రాగలిగే దూరమా, ఆడవాళ్లకు శుభ్రమైన బాత్‌రూమ్ ఉందా, చెప్పిన టైమ్‌కు మూయగలమా. నాలుగుకు మొదలైతే ఆరుకు అయిపోవాలి. నర్సంపేట, పరకాల, జనగామ పోవాల్సినవాళ్లు చివరి అరగంట పాఠం వినరు, గడియారం చూస్తూ కూర్చుంటారు.

తారీఖు మాత్రం మార్చకు. నీ సౌకర్యాన్ని బట్టి ఈ నెల మొదటి ఆదివారం, వచ్చే నెల మూడో శనివారం అని పెడితే, మధ్యలో ఒకసారి రాలేకపోయినవాళ్లకు మళ్లీ ఎప్పుడో తెలియదు, అడగడానికి మొహమాటపడతారు. ఫలానా వారం అంటే ఫలానా వారమే, ఇద్దరే వచ్చినా సరే. పెళ్లిళ్ల సీజన్‌లో, సెమిస్టర్ పరీక్షలప్పుడు ఎవరూ రారు, దానికి బెంగపడకు.

అమ్మ మాటకు ఒక్కటే చెబుతాను. 1904లో, ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం కాలంలో, ఈ హనుమకొండలోనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు, ఊళ్లోవాళ్లు తెలుగు పుస్తకం చదువుకోవడానికి. వాళ్ల ఇళ్లల్లో కూడా "ఊరి బరువు నీకెందుకు" అని ఎవరో అనే ఉంటారు. అమ్మను ఒక నెల తీసుకురా. పిల్లలు నిన్ను "అక్కా" అని పిలిచి అడగడం ఆమె చూడాలి. ఇంట్లో రోజంతా తలుపేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చునే నిన్ను చూసి ఆమెకు దిగులుందనుకుంటా, కోపంలా వినపడేది అదే కావచ్చు.

ఇప్పుడు లక్నవరం. ఆ తొమ్మిది మంది మీద కోపం తెచ్చుకోకు. వాళ్లకూ నీలాగే మాట్లాడుకోవాలని ఉంది, హాల్లో కుదరక చెరువు దగ్గరికి పోయారు. మిగతావాళ్లను అడగకుండా పోవడం మాత్రం తప్పు. గ్రూపు పేరుతో పోయే ఏ షికారైనా గ్రూపులో అందరూ రాగలిగేలా ఉండాలి. బైకుల మీద అన్నప్పుడే సగం మంది రాలేరని తేలిపోయింది. బండి మాట్లాడండి, మినీ బస్సో టెంపోనో. ఖర్చు తలా ఎంతో ముందే చెప్పండి, వచ్చాక లెక్క అందరి ముందు చదవండి, మిగిలిన పది రూపాయలు కూడా.

చదువా షికార్లా అని అడిగావు. నెలనెలా చదువు, ఏడాదికి రెండుసార్లు చెట్ల కిందికి. ఒకటి కార్తీకంలో, వనభోజనాలంటే ఏ ఇంట్లోనూ కాదనరు. ఇంకొకటి మాఘం దాటాక, ఎండలు ముదరక ముందు. మొదటిసారి దూరం పోవద్దు. పొద్దున్నే ఖిలా వరంగల్‌లో తోరణాల మధ్య నడిచి, పది గంటలకు టిఫిన్ చేసి ఇంటికి. ఆ నడకలో ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో, ఎవరు వదిలేసి ముందుకు పోతున్నారో నీకు తెలిసిపోతుంది.

రెండోసారికి రామప్ప. హనుమకొండ నుంచి 70 కిలోమీటర్ల లోపే, చీకటి పడకముందే తిరిగి రావచ్చు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు, కింది రాతి మీద భారం తగ్గాలని. లోడ్ గురించి మాట్లాడుకునే పిల్లలు దాన్ని చూసి ఊరుకోరు. అక్కడి నుంచి రామప్ప చెరువు దగ్గరే. కట్ట మీద నిలబెట్టి, తూము ఎక్కడుందో, మత్తడి ఎటుందో వాళ్లనే వెతకమను. నువ్వు స్క్రీన్ మీద ఆరు నెలలు చెప్పలేనిది అక్కడ అరగంటలో చెప్పవచ్చు. భోజనం ఇళ్ల నుంచే తెచ్చుకోండి, తలా ఒక రకం, స్టీలు డబ్బాల్లో. తెచ్చిన కవర్లు, సీసాలు మళ్లీ ఇంటికే. అమ్మాయిల ఇళ్లకు ముందురోజే బండి నంబర్, డ్రైవర్ నంబర్, తిరిగొచ్చే టైమ్ చేరాలి. పెద్దావిడ ఒకరు వెంట ఉంటే చాలామంది తండ్రులు మారు మాట్లాడకుండా పంపుతారు. మీ అమ్మే ఎందుకు రాకూడదు?

నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. చాలా ఏళ్ల కింద, సెల్‌ఫోన్లు అందరి చేతుల్లో లేని రోజుల్లో, 31 మంది పిల్లలను అడవి దారిలో షికారుకు తీసుకెళ్లాను. దారిలో టీ కోసం ఆపాం. బస్సెక్కాక తలలు లెక్కపెట్టాను, 31 వచ్చింది, పదమన్నాను. పన్నెండు కిలోమీటర్లు పోయాక ఒకమ్మాయి "మేడమ్, నా పక్కన కూర్చున్న పిల్ల లేదు" అంది. క్లీనర్ పిల్లవాడు వెనక సీట్లో పడుకుని ఉన్నాడు, అతన్ని కూడా కలిపి లెక్కపెట్టానన్నమాట. వెనక్కి తిప్పుకుని పోయిన ఆ పన్నెండు కిలోమీటర్లు నాకు ఇప్పటికీ కలలో వస్తాయి. ఆ పిల్ల హోటల్ నడిపే అవ్వ పక్కన పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు ఒలుస్తోంది. నన్ను చూశాకే ఏడ్చింది. అప్పటి నుంచి నేను తలలు లెక్కపెట్టడం మానేశాను. బండి ఎక్కేముందే జోడీలు కడతాను. ప్రతి ఒక్కరూ తన జోడీ చెయ్యి పట్టుకుని "ఉంది" అని చెబితేనే బండి కదులుతుంది. నువ్వూ అదే చెయ్. కొత్తగా వచ్చినవాళ్లను పాతవాళ్లతో జోడీ కట్టు, సాయంత్రానికి స్నేహం కూడా అయిపోతుంది.

వానాకాలంలో మాత్రం జలపాతాల పేరెత్తనివ్వకు. 2023 జులై గుర్తుందిగా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వారంలో ముత్యాలధార జలపాతం చూడ్డానికి పోయిన దాదాపు 80 మంది, తిరుగు దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు దళం వాళ్లు వెళ్లి రాత్రివేళ వాళ్లను దాటించారు. పొద్దున మోకాలి లోతు ఉన్న వాగు సాయంత్రానికి మనిషిని ముంచుతుంది, ఎందుకంటే వాన మన మీద పడక్కర్లేదు, పైన గుట్టల్లో పడినా చాలు. అడవిలో సిగ్నల్ ఉండదు, 108కి కూడా ఫోన్ కలవదు. బొగత జలపాతమైనా అంతే, వరద ఎక్కువైనప్పుడు అటవీ శాఖ వాళ్లు దిగొద్దంటే దిగొద్దు. "ఫుల్ వాటర్ ఉంది అక్కా, ఇప్పుడే పోవాలి" అని ఎవరైనా అంటే, "అందుకే పోవద్దు" అని గట్టిగా చెప్పు. వాళ్లు అలిగినా సరే.

ఇన్ని చెప్పాను గానీ, రేపు పొద్దున నువ్వు చేయాల్సినవి రెండే. ఆ ఆరుగురికీ విడివిడిగా ఫోన్ చేసి, ఐదు నెలలు ఎందుకు వచ్చావని అడుగు. ఐదోసారి కూడా వచ్చిన మనుషులు వాళ్లు. జవాబులు విని ఆశ్చర్యపోతావు, కొందరు నీ పాఠం కోసం వచ్చి ఉండరు కూడా. రెండోది, ఆ అబ్బాయి ఇంటికి వెళ్లడం. బిల్లు సంగతి తేలాక, వచ్చే మీటింగ్‌లో క్లస్టర్ ఎలా తీసేయాలో అతన్నే చూపించమను. ఒప్పుకుంటే సంతోషం, ఇప్పుడే వద్దంటే టైమ్ చూసే పని ఇవ్వు.

తారీఖు, చోటు ఖాయం కాగానే నాకు రాయి. మా ఇల్లు వడ్డేపల్లి చెరువు దగ్గరే. నా దగ్గర ఆరు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటుంది, మొదటి నెల ఆ పని నాది.